అంతో ఇంతో ఉన్నవాడి కొడుకు: ‘హిడాల్గో’ అనే మాట వెనక సంగతులు

1552 వేసవిలో స్పెయిన్‌లోని వయ్యదోలిద్ ఊళ్ళో అప్పు తీర్చలేదని ఒక సర్జన్‌ని జైల్లో పెట్టారు. సర్జన్ అంటే ఇప్పటి పెద్ద డాక్టరు అనుకోకండి. గాయాలకు కట్టు కట్టడం, విరిగిన ఎముకలు సర్దడం, ఒంట్లోంచి నెత్తురు తీయడం, ఇవీ ఆ కాలంలో సర్జన్ పనులు. ఇంట్లో సామాను జప్తయిపోయింది. బయటపడడానికి అతను ఎత్తుకున్న వాదన మనకు వింతగా ఉంటుంది. తాను హిడాల్గో అనీ, హిడాల్గోను అప్పు కోసం జైల్లో పెట్టడం చట్టం ఒప్పుకోదనీ కోర్టుకి చెప్పుకున్నాడు. రుజువు చెయ్యమన్నారు. కాగితం లేదు. సొంతూరి వైపు నుంచి సాక్షుల్ని వెతికి, ఆ కుటుంబాన్ని ఊరంతా హిడాల్గోలుగానే చూస్తుందని చెప్పించుకోవాల్సి వచ్చింది. ఈ తతంగం నెలల తరబడి నడిచింది.

ఆ సర్జన్ పేరు రోద్రిగో దె సెర్వాంతెస్. అప్పటికి అతని కొడుకు మిగెల్‌కి అయిదేళ్ళు కూడా నిండలేదు. ఆ పిల్లాడే పెద్దవాడై, 1605లో అచ్చయిన తన నవలకి పేరు పెట్టేటప్పుడు తండ్రిని జైలు నుంచి విడిపించడానికి తిప్పలుపడ్డ ఆ మాటనే అందులో పెట్టాడు. మనం ‘డాన్ క్విక్సోట్’ అని చెప్పుకునే ఆ పుస్తకం పూర్తి పేరులో మూడో మాట ‘హిడాల్గో’.

ఇప్పుడు అదే మాట ఎక్కడెక్కడో కనిపిస్తుంది. 2014లో పారిస్ మేయరైన ఆన్ హిడాల్గో పేరు ఒలింపిక్స్ సమయంలో మన పేపర్లలోనూ వచ్చింది. హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి, 2019లో హారిస్ కౌంటీ జడ్జ్ పదవిలోకి వచ్చిన లీనా హిడాల్గో తెలుసు. మెక్సికోలో హిడాల్గో అని ఒక రాష్ట్రం, టెక్సాస్‌లో ఒక కౌంటీ. గోవా వెళ్ళినవాళ్ళు పణజిలో ‘ఫిదాల్గో’ అనే హోటల్ బోర్డు చూసే ఉంటారు. వీళ్ళందరికీ చుట్టరికం ఉందా? మనుషులకి లేదు. మాటకి మాత్రం ఉంది.

విడదీస్తే ఏముంది: ‘అల్గో’ అంటే ‘ఏదో’

పాత స్పానిష్‌లో ఈ మాట ‘ఫిజో దాల్గో’. ఫిజో అంటే కొడుకు, ‘దె’ అంటే యొక్క, ‘అల్గో’ అంటే ఏదో. కలిపితే ‘ఏదో యొక్క కొడుకు’. ఏమిటా ఏదో అని చదివేవాళ్ళు అక్కడే ఆగిపోతారు.

తెలుగువాళ్ళకి ఇది అంత కష్టమేమీ కాదు. “వాళ్ళకేం, అంతో ఇంతో ఉంది” అంటాం. ఏం ఉంది? డబ్బు అని గానీ పొలం అని గానీ చెప్పం, అయినా అందరికీ అర్థమవుతుంది. ‘కలవారి బిడ్డ’ అన్నా అంతే. ఏం కలవారో ఎవరూ అడగరు. పాత స్పానిష్‌లో ‘అల్గో’ ఇలాగే పనిచేసింది. మామూలుగా ‘ఏదో’, సందర్భాన్ని బట్టి ‘ఆస్తిపాస్తులు’. కాబట్టి హిడాల్గోకి అచ్చతెలుగు ఇంచుమించుగా ‘కలవారబ్బాయి’. 13వ శతాబ్దంలో పదో అల్ఫోన్సో రాజు రాయించిన ధర్మశాస్త్రం మాత్రం ‘మంచివాళ్ళ బిడ్డలు’ అనే వైపు మొగ్గి, ఇది వంశం ద్వారా వచ్చే గొప్పతనం అంటుంది. ఆస్తి అనే అర్థాన్ని గౌరవం అనే అర్థం అప్పుడే పక్కకి నెట్టడం మొదలుపెట్టింది.

ఫిజో కాస్తా ‘హిజో’ ఎలా అయింది? లాటిన్‌లో మాట మొదట ఉన్న ‘ఫ’ స్పానిష్‌లో చాలాచోట్ల ‘హ’గా మారింది. పక్కనున్న పోర్చుగీసు మారలేదు. పిండిని పోర్చుగీసు ‘ఫరీన్య’ అంటే స్పానిష్ ‘హ’తో రాస్తుంది. దీనికి ఉదాహరణ కోసం స్పెయిన్ దాకా పోనక్కర్లేదు, బెంగళూరు బస్సెక్కితే చాలు. మన పాలు అక్కడ హాలు, మన పులి హులి, మన పల్లె హళ్ళి. తెలుగు ‘ప’ని నిలుపుకుంది, కన్నడ ‘హ’ చేసుకుంది. ఫిదాల్గోకీ హిడాల్గోకీ ఉన్న సంబంధం సరిగ్గా పల్లెకీ హళ్ళికీ ఉన్నదే. ఆ పైన స్పానిష్ ఇంకో అడుగు వేసింది: రాతలో ‘హ’ మిగిలింది, నోట్లోంచి జారిపోయింది. కన్నడ పల్లెల్లో కొందరు హాలుని ‘ఆలు’ అంటారు కదా, అలాగే. అందుకే స్పెయిన్ మనిషి నోట ఇది ‘ఇదాల్గో’. ఫ్రెంచివాళ్ళకీ ‘హ’ పలకదు కాబట్టి పారిస్‌లో ఆన్ హిడాల్గో కూడా ‘ఇదాల్గో’నే. మనం రాసే ‘హిడాల్గో’ ఇంగ్లిష్ మీదుగా వచ్చిన ఉచ్చారణ. ఇప్పటికే అలవాటైన రూపం కనుక నేనూ దాన్నే వాడుతున్నాను.

ఈ వ్యుత్పత్తి మీద గొడవ లేకపోలేదు. ఒకప్పుడు కొందరు దీన్ని ‘గోత్ జాతివాడి కొడుకు’ అని విడదీశారు. స్పెయిన్‌ని ఏలిన విసిగోత్ వీరుల వారసులమని చెప్పుకోవడానికి అది బాగా పనికొచ్చేది. 20వ శతాబ్దంలో అమెరికో కాస్త్రో అనే పండితుడు అరబ్బీ వైపు చూశాడు. ముస్లిం పాలకులు జయించిన నేలలో రాజ్యానికి కేటాయించే ‘అయిదో వంతు’ని అరబ్బీలో ఖుమ్స్ అంటారు. ఆ భూములకి సంబంధించినవాళ్ళ పేరుకి ఇది అనుకరణ కావచ్చని ఆయన ఊహ. ఏడెనిమిది వందల ఏళ్ళు అరబ్బీతో కలిసి బతికిన భాష గురించి అలా అనుమానించడంలో తప్పులేదు. కానీ పాత పత్రాల్లో ‘అల్గో’ ఆస్తి అనే అర్థంలో స్పష్టంగా దొరుకుతుంటే అంత దూరం పోవాల్సిన పని లేదని ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. నాకూ అదే సబబనిపిస్తుంది.

పన్ను జాబితాలో పేరు లేనివాడు

డిక్షనరీ చూస్తే ‘చిన్నపాటి ప్రభువు’ అని ఉంటుంది. అది చదవగానే మన కళ్ళకి కోట, గుర్రాలు, కౌలు రైతులు కనిపిస్తారు. అసలు చిక్కంతా అక్కడే.

స్పెయిన్‌లో పెద్ద భాగమైన కాస్తీల్ రాజ్యంలో జనం రెండు రకాలు. రాజుకి ‘పెచో’ అనే నేరు పన్ను కట్టేవాళ్ళు పెచేరోలు, కట్టనక్కర్లేనివాళ్ళు హిడాల్గోలు. (చర్చి వాళ్ళ లెక్క వేరు.) భూమి ఎంతుంది, బంగారం ఎంతుంది అనేది ఈ విభజనలోకి రాదు. వంద ఎకరాలున్న రైతు పెచేరో కావచ్చు, పూట గడవనివాడు హిడాల్గో కావచ్చు. పన్ను మాఫీతోపాటు ఇంకొన్ని ఉండేవి: మామూలు అప్పులకి జైలు లేదు, గుర్రాన్నీ ఆయుధాల్నీ జప్తు చెయ్యకూడదు, చిత్రహింస పెట్టకూడదు, మరణశిక్షే పడితే ఉరితాడు బదులు కత్తి. చావులోనూ తేడా ఉందన్నమాట.

చట్టం దృష్టిలో డ్యూకు కూడా హిడాల్గోనే, ఎందుకంటే ఆయనకీ పుట్టుకతో వచ్చిన మినహాయింపు అదే. కానీ డ్యూకుని ఎవరూ హిడాల్గో అనరు, డ్యూకనే అంటారు. చెప్పుకోడానికి ఇంకే బిరుదూ లేనివాడికి మిగిలిన పేరు హిడాల్గో. అలా అది మెట్ల వరసలో అట్టడుగు మెట్టు పేరైంది.

ఈ మినహాయింపు ఊళ్ళో ఎంత మంట పెట్టేదో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించిన ఊరే, పద్ధతి మాత్రం నిజం. పన్ను మనిషికింత అని కాకుండా ఊరికింత అని ముద్దగా పడేది. మన ఊరి మీద 1,000 నాణేలు పడ్డాయనుకోండి. పది ఇళ్ళున్నాయి, రెండు హిడాల్గోలవి. మిగతా ఎనిమిది ఇళ్ళూ తలా 125 కడతాయి. ఈలోగా తొమ్మిదో ఇంటాయన “మా తాత ముత్తాతలు కూడా హిడాల్గోలే” అని కోర్టుకెక్కి గెలిచాడు. రాజుకి రావాల్సిన వెయ్యి తగ్గదు. ఇప్పుడు ఏడిళ్ళ మీద పడి, తలా 143 దాకా అవుతుంది. ఇంకొకాయన కూడా గెలిస్తే ఆరిళ్ళు తలా 167 కట్టాలి. ఒకాయన పరువు ఎదురింటాయన పర్సులోంచి వస్తుంది. అందుకే ఎవరైనా తాను హిడాల్గోనని దావా వేస్తే ఎదురుగా నిలబడేది ఊరి పంచాయతీ.

ఇంతాచేసి ఆ డబ్బు ఎంత? చాలాచోట్ల పెద్దదేం కాదు. సరుకు అమ్మితే పడే ‘అల్కబాల’ అనే పన్ను హిడాల్గోలూ కట్టేవారు. 1590 నుంచి తిండి సరుకుల మీద వచ్చిన ‘మిల్యోనెస్’ పన్ను కూడా అందరిదీ. కోర్టు ఖర్చు చూస్తే కొందరికి ఒక తరం పన్ను కంటే ఎక్కువయ్యేదేమో. అయినా ఎగబడ్డారు. జాబితాలో పేరుంటే పెచేరో అని ఊరంతా చదువుతుంది, లేకపోతే ఎవరూ చదవరు. లేకపోవడమే గొప్ప.

రుజువు ఎలా? ఏడుగురు కొడుకుల నుంచి గాడిద జీను దాకా

ఇలాంటి దావాలు వినడానికి వయ్యదోలిద్‌లోనూ, 1505 నుంచి గ్రనాదాలోనూ ఉన్న పై కోర్టుల్లో ప్రత్యేకంగా హిడాల్గోల విభాగాలుండేవి. గెలిచినవాడికి ‘ఎహెకుతోరియా’ అనే తీర్పు పత్రం ఇచ్చేవారు. తోలు కాగితం, రంగుల బొమ్మలు, కుటుంబ చిహ్నం, సీసపు ముద్ర. డబ్బున్నవాళ్ళు కుటుంబమంతా మోకాళ్ళ మీద నిలబడి మేరీమాతకి మొక్కుతున్నట్టు బొమ్మ గీయించుకునేవారు. ఇప్పటికీ మ్యూజియాల్లో, వేలంపాటల్లో కనిపిస్తాయి.

అందరూ ఒకే రకం కాదు. ‘హిడాల్గో దె సాంగ్రె’ పుట్టుకతోనే. సొంత వంశపు పాత ఇల్లు ఫలానా చోట ఉందని చూపించగలిగితే ‘సొలారియేగో’. రాజు దయతోనో డబ్బుతోనో వచ్చినవాడు ‘దె ప్రివిలేహ్యో’, ఇతన్ని పాతవాళ్ళు లోలోపల చిన్నచూపు చూసేవారు. ‘హిడాల్గో దె గొతేరా’ వ్యవహారం మరీ సరదా. గొతేరా అంటే చూరు నుంచి కారే నీటి బొట్టు. తన ఊరి చూరు నీళ్ళు పడేంత మేరకే వాడు హిడాల్గో, పొలిమేర దాటితే మామూలు మనిషి. మరొకడు ‘హిడాల్గో దె బ్రగేతా’. బ్రగేతా అంటే ప్యాంటు ముందు భాగం, ఇప్పటి మాటల్లో జిప్పు. వరసగా ఏడుగురు మగపిల్లలు పుట్టినందుకు పన్ను మాఫీ పొందినవాడన్నమాట. పేరు పెట్టింది ఇరుగుపొరుగేనని వేరే చెప్పాలా!

హోదా తండ్రి నుంచి వస్తుంది. మరి హిడాల్గో ఇంటి ఆడపిల్ల పెచేరోని చేసుకుంటే? భర్త బతికున్నన్నాళ్ళూ ఆమె కూడా పెచేరోనే. భర్త పోయాక తన హోదా వెనక్కి తెచ్చుకోవడానికి కాస్తీల్ పాత ధర్మశాస్త్రంలో ఒక తంతు రాసి ఉంది. గాడిదకి వేసే జీనుని భుజాన వేసుకుని భర్త సమాధి దగ్గరికి వెళ్ళాలి. జీను అంచుతో సమాధిని మూడుసార్లు కొట్టి, “పల్లెవాడా, నీ పల్లెతనం నువ్వు తీసుకో, నా హిడాల్గోతనం నాకివ్వు” అనాలి. పోయిన మొగుణ్ణి తలుచుకుని ఏడ్చిన కళ్ళతోనే ఆ మాట ఎందరు అన్నారో, అసలు అన్నారో లేదో గానీ, చట్టంలో మాత్రం ఉంది.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. హిడాల్గో హోదా వేరు, ఆ కాలపు ‘రక్తశుద్ధి’ వేరు. రెండోది పూర్వీకుల్లో యూదులు, ముస్లిములు లేరన్న రుజువు. కొన్ని మఠాల్లో, పదవుల్లో చేరాలంటే అది అడిగేవారు. మతం మారిన కుటుంబంలో పుట్టినవాడికి పన్ను మాఫీ ఉన్నా రక్తం మీద అనుమానం పోదు. ఏ హోదా లేని రైతుకి ఆ అనుమానం ఉండదు. సెర్వాంతెస్ నవలలో క్విక్సోట్ వెంట తిరిగే సేవకుడు సాంచో పాంజా, తాను పాత క్రైస్తవుణ్ణనీ, కౌంట్ అవడానికి అది చాలనీ అంటాడు. నవ్వొస్తుంది కానీ, చదువురాని రైతు చేతికి దొరికిన ఏకైక గొప్ప అదే.

ఉత్తరాన అందరూ, దక్షిణాన కొందరే

మ్యాప్ పెట్టుకుని చూస్తే ఈ హోదా అర్థం ఊరూరికీ మారిపోతుంది. ఉత్తరాన బిస్కే ప్రాంతంలో 1526 నాటి స్థానిక ధర్మశాస్త్రం ప్రకారం అక్కడి మూలవాసులంతా హిడాల్గోలే. పక్కనున్న గిపుస్కోవా వాళ్ళకి 1610లో రాజు అదే గుర్తింపు ఇచ్చాడు. అంటే అక్కడ బొగ్గులు కాల్చేవాడు హిడాల్గో, చేపలు పట్టేవాడు హిడాల్గో, చెప్పులు కుట్టేవాడు హిడాల్గో. దక్షిణాన ఆందలూసియా వైపు వెళ్తే వాళ్ళు చాలా తక్కువమంది, కానీ ఉన్నవాళ్ళకి అంతో ఇంతో గట్టిగానే ఉండేది. డాన్ క్విక్సోట్ మొదట్లోనే బిస్కే మనిషితో తగువు ఒకటుంది. నువ్వు పెద్దమనిషివి కాదు పొమ్మని క్విక్సోట్ అనేసరికి అతను వచ్చీరాని స్పానిష్‌లో, తాను నేల మీద బిస్కేవాణ్ణి, సముద్రం మీద హిడాల్గోని అని మండిపడతాడు. ఆనాటి పాఠకులు ఆ జోకుని వెంటనే పట్టేసి ఉంటారు.

ఎంతమంది ఉండేవారు? 1768 లెక్కల్లో 7,22,794 మంది. 1787లో 4,80,589. 1797 నాటికి 4,02,059. ముప్ఫై ఏళ్ళలో మూడు లక్షలమంది ఏమయ్యారు? ఏమీ కాలేదు, ఇళ్ళలోనే ఉన్నారు. ప్రభుత్వం రుజువుల విషయంలో గట్టిపడేకొద్దీ జాబితా సన్నబడింది. స్పెయిన్ జనాభా సుమారు కోటి ఉన్న రోజుల్లో అది. లెక్కించేవాడు ఎంత గట్టిగా అడిగితే అంత తగ్గే వర్గం ఇది.

తిండికి లేదు, మీసాలకు సంపెంగ నూనె

1554లో పేరు చెప్పుకోని రచయిత ఒకరు లాసరీయో అనే కుర్రాడి కథ రాశారు. అందులో ఆ కుర్రాడు తోలేదో ఊళ్ళో ఒక పెద్దమనిషి దగ్గర పనికి కుదురుతాడు. మంచి బట్టలు, నడుముకి కత్తి, ఠీవిగా నడక. ఇంటికెళ్ళి చూస్తే కుర్చీ లేదు, పెట్టె లేదు, పొయ్యి మీద కుండ లేదు. కుర్రాడే వీధిలో అడుక్కుని రొట్టె ముక్కలు తెస్తే యజమాని వాటిని మెచ్చుకుంటూ తింటాడు. ఆ తర్వాత గడ్డిపరక ఒకటి పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఏమీ ఇరుక్కోని పళ్ళ సందుల్ని కుట్టుకుంటుంటాడు, భోంచేశాడని వీధి అనుకోవాలి కదా.

సొంతూరు ఎందుకు వదిలాడో కూడా చెబుతాడు. పొరుగున ఉండే పెద్దాయన ఎదురుపడితే ప్రతిసారీ తానే ముందు టోపీ తీయాల్సి వస్తోందట. అక్కడ తనకి ఇళ్ళు ఉన్నాయి, అవి గనక నిలబడి ఉంటే మంచి ధర పలికేవి. పావురాల గూడు ఉంది, అది గనక కూలిపోకుండా ఉంటే ఏడాదికి రెండొందల పైన పావురాలు ఇచ్చేది. మన ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు’ సామెతకి ఇంత చక్కటి బొమ్మ దొరకదు.

సెర్వాంతెస్ కథానాయకుడు క్విక్సోట్ పరిస్థితి దీనికంటే నయం. గోడకి ఈటె, పాత డాలు, బక్క గుర్రం, ఒక వేటకుక్క. మొదటి పేజీలోనే సెర్వాంతెస్ అతని వారపు మెనూ ఇచ్చేశాడు: గొర్రె మాంసం కంటే చవకైన పశుమాంసం ఎక్కువ పడ్డ కూర, శుక్రవారం పప్పు, ఎప్పుడైనా ఆదివారం ఒక చిన్న పావురం. రాబడిలో ముప్పాతిక వంతు దానికే సరి. ఇంత చేసి అతను చేసిన అసలు తప్పు, తోటి హిడాల్గోల దృష్టిలో, పేరు ముందు ‘డాన్’ తగిలించుకోవడం. అది తనకంటే పై మెట్టు వాళ్ళది. రెండో భాగంలో సాంచో ఈ గుసగుసలు అతనికే మోసుకొచ్చి చెబుతాడు: నాలుగు ద్రాక్ష తీగలూ రెండు చెక్కల పొలమూ పెట్టుకుని డాన్ ఏమిటంటున్నారు అని. 1615 నాటి ఆ రెండో భాగం పేరులోంచి హిడాల్గో తీసేసి ‘కబాయేరో’ అని పెట్టాడు రచయిత, అంటే గుర్రమెక్కిన వీరుడు. ఒక మెట్టు ప్రమోషన్. (ఆ ‘డాన్’ అనే గౌరవ పదమే ఇటలీ మీదుగా, హాలీవుడ్ మీదుగా వచ్చి మన దగ్గర మాఫియా నాయకుడైపోయింది. మాటలకి తలరాతలుంటాయి.)

వీళ్ళ వల్లే స్పెయిన్ చితికిపోయిందా?

పాత చరిత్ర పుస్తకాలు అవుననే అంటాయి. చేత్తో పని చేస్తే పరువు పోతుందనుకునే జనం, కాస్త డబ్బు రాగానే వ్యాపారం మానేసి హోదా కొనుక్కునే వర్తకులు, అమెరికా వెండి వచ్చినా నిలవని ఆర్థికవ్యవస్థ. ఈ ఫిర్యాదు కొత్తదేమీ కాదు. 1600లోనే గొన్సాలెస్ దె సెయోరిగో అనే న్యాయవాది, స్పెయిన్ ప్రకృతికి అవతల బతికే మంత్రించిన మనుషుల రాజ్యంలా తయారైందని వాపోయాడు. 1783లో మూడో కార్లోస్ రాజు కమ్మరి, దర్జీ, చెప్పులు కుట్టే పనులు గౌరవమైనవేననీ, వాటివల్ల హోదా పోదనీ ఒక ఆజ్ఞ జారీ చేయాల్సి వచ్చింది. పోదని రాజు చెప్పాల్సి వచ్చిందంటే, పోతుందని జనం అనుకుంటున్నారనే కదా.

అవతలి వాదన కూడా గట్టిదే. ఉత్తరాదిలో హిడాల్గోలు నాగలి పట్టారు, ఓడలు కట్టారు, ఇనుము కరిగించారు. అక్కడ పరిశ్రమ హోదా వల్ల ఆగలేదు. వర్తకులంతా హోదా కొనేశారన్న మాటని ఐ.ఏ.ఏ. థాంప్సన్ అనే చరిత్రకారుడు కాగితాలు పట్టుకుని లెక్కించాడు. 1552 నుంచి 1700 దాకా అలా రాజు దగ్గర కొన్నవి కొన్ని వందలు మాత్రమే తేలాయి. కోర్టులో దొంగ సాక్షులతో తెచ్చుకున్నవి ఇందులోకి రావు, నిజమే. నాకు అనిపించేది ఇది: బద్ధకం హిడాల్గోల సొత్తు అన్న బొమ్మ చాలావరకు కథల్లోంచి వచ్చింది. ఖాళీ కడుపుతో పళ్ళు కుట్టుకునేవాడు మనకి గుర్తుంటాడు. పొద్దున్నే లేచి కొలిమి రాజేసే హిడాల్గో మీద నవల ఎవరూ రాయలేదు.

ఈ హోదా చివరికి కాగితం మీదే పోయింది. 1812 కాడిజ్ రాజ్యాంగం, ఎవరికీ మినహాయింపు లేకుండా ప్రతి పౌరుడూ తాహతుకి తగ్గట్టు పన్ను కట్టాలంది. రెండేళ్ళకే రాజు దాన్ని రద్దు చేశాడు. 1830లు ముగిసేసరికి మాత్రం పుట్టుకతో వచ్చే మినహాయింపులకి కాలం చెల్లింది.

గోవాలో ఫిదాల్గో: అదే మాట, అర్థం వేరు

పోర్చుగీసు ‘ఫిదాల్గో’ అంటే స్పానిష్ హిడాల్గో అనుకుంటే పప్పులో కాలేసినట్టే. పోర్చుగల్‌లో ఈ మాట మెట్ల వరసంతటికీ వర్తించింది. పెద్ద ప్రభువు కూడా ఫిదాల్గోనే. రాజుగారి కొలువులో ఫిదాల్గోలకి వేర్వేరు స్థాయిలు, వాటికి తగ్గ భత్యాలు ఉండేవి. గోవాని 1510లో పట్టుకున్న అల్బుకెర్క్ ఫిదాల్గో. తర్వాత వచ్చిన వైస్రాయిలూ, కోటల కెప్టెన్లూ ఎక్కువగా ఆ వర్గం వాళ్ళే.

వాళ్ళతోపాటు ఓడల్లో వచ్చిన మామూలు సిపాయిలు కూడా ఆఫ్రికా చివరి కొన దాటగానే తామూ ఫిదాల్గోలమే అనడం మొదలుపెట్టేవారని అప్పటి యాత్రికులు వెక్కిరించారు. ఇక్కడ ఎవరు అడుగుతారు! 1583లో గోవా వచ్చి ఆర్చ్‌బిషప్ దగ్గర గుమాస్తాగా పనిచేసిన లిన్‌స్కోటెన్ అనే డచ్చివాడు వాళ్ళ కాపురాలు దగ్గర్నుంచి చూసి రాశాడు. ఒక ఇంట్లో పదీ పన్నెండుమంది సిపాయిలు. అందరికీ కలిపి ఒకటో రెండో మంచి జతల బట్టలు. ఒకడు అవి వేసుకుని, గొడుగు పట్టించుకుని దర్జాగా ఊళ్ళోకి వెళ్తే మిగతావాళ్ళు అతను తిరిగొచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలి. బ్యాచిలర్ రూముల్లో ఇంటర్వ్యూకి షర్టు అరువిచ్చుకున్నవాళ్ళకి ఇది తెలియని సంగతేమీ కాదు.

ఇంకో ‘ఫిదాల్గో’ మనవాళ్ళకి సియాటిల్ దగ్గర తగులుతుంది. శాన్ హ్వాన్ దీవులకి వెళ్ళే ఫెర్రీ ఎక్కడానికి అనకోర్టెస్ ఊరికి వెళ్తారు కదా, ఆ ఊరున్నది ఫిదాల్గో దీవి మీద. అది పోర్చుగీసువాళ్ళు పెట్టిన పేరు కాదు. 1790లో అలాస్కా తీరం తిరిగిన సాల్వదోర్ ఫిదాల్గో అనే స్పానిష్ నౌకాదళ అధికారి ఇంటిపేరు. మాటలో ‘హ’ అయిపోయింది, ఇంటిపేర్లలో అక్కడక్కడా ‘ఫ’ మిగిలింది.

ఇంటిపేరుగా మారాక

కరణం అని ఇంటిపేరున్న కుర్రాడు ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాడు. ఊరి లెక్కలు రాసే కరణం ఉద్యోగం మన రాష్ట్రంలో 1984లోనే రద్దయిపోయింది. హిడాల్గో ఇంటిపేరు కూడా అలాంటిదే. ఆ పేరున్నంత మాత్రాన పూర్వీకులు పన్ను కట్టలేదని కాదు. కొందరికి నిజంగా హోదా వల్ల వచ్చి ఉండొచ్చు, కొందరిని ఊళ్ళోవాళ్ళు ఎగతాళికి పిలిచి ఉండొచ్చు. ఫిలిప్పీన్స్‌లోనైతే 1849లో గవర్నర్ క్లవేరియా పేర్ల జాబితా పుస్తకం పంచి ఇంటిపేర్లు పెట్టించాడు. కాబట్టి అక్కడ స్పానిష్ ఇంటిపేరు చూసి వంశం ఊహించడం కుదరదు.

మెక్సికో కథలో వైచిత్రి ఎక్కువ. అమెరికా ఖండంలో కొత్త ఊళ్ళు కట్టేవాళ్ళందరినీ హిడాల్గోలుగా పరిగణిస్తామని 1573లో రెండో ఫిలిప్ రాజు ఆశ పెట్టాడు. అక్కడ ‘పన్ను కట్టేవాళ్ళు’ అంటే స్థానిక ఇండియన్లు. వాళ్ళ మీద తలపన్ను ఉండేది. 1810 సెప్టెంబర్ 16 తెల్లవారుజామున డోలోరెస్ అనే ఊళ్ళో చర్చి గంట కొట్టి తిరుగుబాటు మొదలుపెట్టిన ఫాదర్ పేరు మిగెల్ హిడాల్గో. ఆ డిసెంబర్‌లో గ్వాదలహారాలో ఆయన ఇచ్చిన ఆజ్ఞ బానిసత్వాన్నీ, ఇండియన్ల తలపన్నునీ ఎత్తేసింది. పన్ను కట్టనక్కర్లేని కొద్దిమందికి పేరైన మాట, ఆ పేరు పెట్టుకున్న మనిషి చేతుల మీదుగా, ఎవరూ ఆ పన్ను కట్టనక్కర్లేదనే ప్రకటన కింద సంతకమైంది. మరుసటి ఏడాది జులై 30న ఆయన్ని కాల్చి చంపారు.

ఆయన్నుంచే 1869లో ఏర్పడ్డ హిడాల్గో రాష్ట్రానికీ, టెక్సాస్ కౌంటీకీ పేర్లొచ్చాయి. 1848లో మెక్సికో దాదాపు సగం భూభాగాన్ని అమెరికాకి వదులుకున్న ఒప్పందం జరిగిన ఊరు గ్వాదలూపె హిడాల్గో. 1920లో జర్మనీలో బాదె అనే ఖగోళ శాస్త్రవేత్త కనిపెట్టిన 944 నంబరు గ్రహశకలం కూడా ఆయన పేరు మీదే తిరుగుతోంది. దీంతో అమెరికాల్లో హిడాల్గో అనగానే జనానికి తోచేది విప్లవం నడిపిన బట్టతల ఫాదర్. చిన్న ప్రభువు ఎవరికీ గుర్తుకు రాడు.

ఇతర భాషలు ఏం తీసుకున్నాయి, తెలుగులో ఏమనాలి

అరువు తెచ్చుకున్న ఏ భాషా పన్ను మాఫీని తెచ్చుకోలేదు. ఇంగ్లిష్‌కి హిడాల్గో అంటే మొహంలో పొగరున్న స్పెయిన్ పెద్దమనిషి. ఫ్రెంచివాళ్ళు ఇంకా ముందుకెళ్ళి, నల్లజుట్టు అందగాడైన స్పానిష్ కుర్రాణ్ణి సరదాగా ‘ఇదాల్గో’ అంటారు. రష్యన్ ‘ఇదాల్గో’లో క్విక్సోట్ నీడే ఎక్కువ. స్పెయిన్‌లోనే ఇప్పుడు ‘ఇదాల్గియా’ అంటే ఓడినా హుందాగా ఉండడం, పెద్ద మనసు చూపడం. నిజంగా అలాంటి వర్గాలు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి, వాటికి సొంత పేర్లున్నాయి. పోలండ్‌లో ‘ష్లాహ్తా’ ఉంది, అందులో తన చిన్న పెరడే తన రాజ్యమైన పేద ప్రభువులు బోలెడు. హంగరీలో ‘చెప్పుల ప్రభువు’ అనే వెక్కిరింత ఉంది, బూట్లు కొనలేక పల్లెటూరి తోలు చెప్పులేసుకునేవాడని.

తెలుగులోకి తెచ్చేవాళ్ళు సాధారణంగా జమీందారు అనేస్తారు. జమీందారు పన్ను వసూలు చేసేవాడు, చేతికింద ఊళ్ళున్నవాడు. హిడాల్గోకి పన్ను లేదు, అంతే, ఊళ్ళూ లేవు. దొర అంటే భయపడే జనం ఉండాలి, మన హిడాల్గోని చూసి భయపడేవాళ్ళెవరు? ఇనాందారు కొంచెం దగ్గర, అక్కడా పన్ను మాఫీ ఉంది. కాకపోతే మన ఇనాం నేలకి అంటుకుని ఉంటుంది, భూమి అమ్మితే దానితో పోతుంది. హిడాల్గో మాఫీ నెత్తుటికి అంటుకుంది, నేల పోయినా ఉంటుంది. కథ అనువదించేటప్పుడు ‘పేరున్న ఇంటివాడు’ అనేసి, పన్ను సంగతి ఒక వాక్యంలో చెప్పడం నయమని నాకనిపిస్తుంది. లేదా హిడాల్గో అనే ఉంచేయడం.

చివరగా, ‘అల్గో’ ఏమైందని అడిగితే, అది మెక్సికోలో మందు గ్లాసులో తేలింది. అక్కడి కుర్రాళ్ళు గ్లాసెత్తి “ఇదాల్గో, ఇదాల్గో” అని అరుస్తారు. దాని తర్వాత ప్రాస కలిపి వచ్చే ముక్క, గ్లాసులో ‘అల్గో’, అంటే ఏదో కొంచెం, మిగిల్చినవాణ్ణి తల్లి పేరెత్తి తిట్టేది. తిట్టు ఇక్కడ రాయలేను. ‘ఇదాల్గో’ అన్నారంటే అడుగు కనిపించేదాకా తాగమని.